రెండు కంపెనీల నడుమ స్తంభం

ఆగస్టు 6

ఒరేయ్ బామ్మర్దీ,

నిచ్చెన దవడ తప్ప ఇక్కడ అందరమూ క్షేమం. దవడ సంగతికి వస్తాను, ముందు నువ్వు నవ్వడం ఆపు. ఫోను కంపెనీ నడిపేవాడు స్టాంపు అంటించి ఉత్తరం రాయడమేమిటని నువ్వు పగలబడుతున్నావని నాకు తెలుసు. ఏం చెయ్యమంటావు? నా ఫోను నుంచి నీ ఫోనుకి చేస్తే ఒక్కసారి గణగణమంటుంది, ఆ వెంటనే ఎవరో పీక నొక్కినట్టు ఆగిపోతుంది. మెయిలు కూడా ఆ దారినే పోవాలి కనక అదీ పోదు. నీది పెద్దకంపెనీ కనెక్షను, నాది నా సొంత కంపెనీ. రెండింటి మధ్యా మార్కెట్టు మూల ఒక స్తంభం, దాని మీద ఒక ఇనప పెట్టె. నా తీగ ఒకవైపు నుంచి దూరుతుంది, వాళ్ల తీగ రెండోవైపు నుంచి వస్తుంది. లోపల మాత్రం అత్తాకోడళ్లలా మొహాలు తిప్పుకుని కూర్చుంటాయి.

"మీ సామాను నాసిరకం, మా పెట్టెకి అర్థం కావట్లేదు" అంటారు పెద్దకంపెనీ వాళ్లు. అదే సామాను పక్క ఊళ్లో ఇంకెవరి సామానుతోనో హాయిగా కబుర్లు చెబుతోంది.

నేను బడికి పోయి చదువుకున్నవాణ్ణి కాదు, రేడియోలు విప్పి చదువుకున్నవాణ్ణి. అంతకు ముందు సైకిలు కొట్లో పనిచేశాను, అది నీకు తెలియదు. మా యజమాని నట్లూ బోల్టులూ తనే కోసుకునేవాడు. పక్క కొట్టు నట్టు మా బోల్టుకి పట్టకూడదని మరని కావాలనే తేడాగా తిప్పేవాడు. ఒకసారి మా దగ్గర కొన్నవాడు చచ్చినట్టు మళ్లీ మా గడపే తొక్కాలి. ఒకరోజు ఎవరి అవస్థో చూడలేక బయటి నట్టుని సుత్తితో కొట్టి బిగించాను. యజమాని గాలి పంపు అందుకుని నా వీపు చీరేశాడు. పెద్దకంపెనీ బోర్డు చూసినప్పుడల్లా నా వీపుకి ఆ పంపు గుర్తొస్తుంది.

ఇక దవడ. మా లైన్‌మాన్ నిచ్చెన నీకు తెలుసుగా, పొడుగు చూసి పెట్టిన పేరు. మొన్న స్తంభమెక్కి తెగిన తీగ కలుపుతుంటే పెద్దకంపెనీ కాంట్రాక్టరు వచ్చాడు. మనిషి గొంతు బొంగురు, ఊరంతా బొంగురు అనే పిలుస్తారు. వాడు కిందనుంచి అసలు నిచ్చెన లాగేశాడు. మన నిచ్చెన తీగ పట్టుకుని వేలాడాడు. తీగ అరచేతుల్ని కోసుకుంటూ జారింది. కిందపడగానే ఒకడు బూటుతో దవడ మీద తన్నాడు. పటుక్కుమన్న చప్పుడు మా కొట్టు దాకా వినిపించింది. తరువాత బొంగురు ఆ తీగ ముక్క కోసి వాడి మెడలో దండలా వేసి, "మీ ఓనరుకి సన్మానం చేశామని చెప్పు" అన్నాడు. మీ అక్క కొట్లోంచి స్టూలు ఎత్తుకుని పరిగెత్తి ఒకడి నెత్తి పగలగొట్టింది. నేను వెళ్లేసరికి ఆవిడ కూర్చుని, స్టూలు కాలు విరిగిందని బాధపడుతోంది.

నా బాధ ఇంకోటి. కనెక్షన్ తీసుకున్నవాళ్లు ఒక్కొక్కరే వచ్చి మా ఫోను పెట్టె బల్ల మీద పెట్టేసి, నా మొహం చూడకుండా వెళ్లిపోతున్నారు. వాళ్ల తప్పేముంది? ఊరితో మాట్లాడలేని ఫోను ఎవడికి కావాలి? ఏడాది తిరిగేలోగా ఆ స్తంభం మీద రెండు కంపెనీలూ కలవకపోతే నా కొట్టు మూతే. మీ ప్రమాణాల సంఘం ఆ ఉమ్మడి పద్ధతి కాగితం ఎప్పుడు తేలుస్తుందో చెప్పు. నువ్వు దానికి కార్యదర్శివి, నీ కుర్చీ వేడెక్కడం తప్ప ఇంకేమైనా జరుగుతోందా?

స్టూలు బాగుచేయించే పనిలో ఉన్న,
నీ బావ

ఆగస్టు 17

బావా,

నీ ఉత్తరం మీద రక్తపు మరక ఉందేమోనని తిప్పి తిప్పి చూశాను. టీ మరక. ప్రాణం కుదుటపడింది.

మా దగ్గరా యుద్ధమే. కాకపోతే ఇక్కడ రక్తం బయటికి రాదు. పొడవాటి బల్ల చుట్టూ కంపెనీలన్నీ మనుషుల్ని పెట్టుకుని కూర్చుంటాయి. మేం రాస్తున్నది ఒకే ఒక్క సంగతి: ఏ కంపెనీ పెట్టె అయినా ఇంకో కంపెనీ పెట్టెని ఎలా పలకరించాలి, అది ఏం బదులు చెప్పాలి, ఆ తరువాత కాల్ ఎలా నడవాలి. ఆ పద్ధతి అచ్చేసి అందరికీ ఊరికే ఇచ్చేస్తాం. ఆ కాగితం చూసి ఎవడైనా పెట్టె చేసుకోవచ్చు, ఎవడైనా కంపెనీ పెట్టుకోవచ్చు. నీలాంటివాడు కూడా. అందుకే పెద్దకంపెనీ ప్రతినిధి చల్లగా నవ్వుతూ ప్రతి వాక్యానికీ అడ్డుపడతాడు. "మా పెట్టె అందరితోనూ మాట్లాడుతుందండీ, అవతలివాళ్లకే నోరు లేదు" అంటాడు. అది అబద్ధమని అందరికీ తెలుసు. బయటి పెట్టె బదులు చెప్పగానే వాళ్ల పెట్టె కావాలనే తెంపేస్తోందని మా అనుమానం. రుజువు లేదు. రుజువు దొరికితే ఓటింగులో మిగతావాళ్లు కూడా ధైర్యం చేస్తారు.

సరే, నీ పరాక్రమం సంగతి. ఒకప్పుడు చెయ్యి విరిచేస్తానంటూ వీధులన్నీ తిరిగేవాడివి. మా అక్కని నీకిచ్చేటప్పుడు మా నాన్న ఒక్కటే అడిగాడు, "కుర్రాడు కొడతాడా?" అని. "బయటివాళ్లనే" అన్నారు మీవాళ్లు. ఇప్పుడేమయింది? నీ తీగ నీ మనిషి మెడలో వేశారు. మా అక్క స్టూలెత్తింది. నువ్వేం ఎత్తావు బావా, చేతులా?

పళ్లు ఉంటే కొరుకు, లేకపోతే నాలుగు జాగ్రత్తలు తీసుకో.

అక్కకి నమస్కారాలు, స్టూలుకి సానుభూతి.
నీ బామ్మర్ది

ఆగస్టు 29

ఏరా,

ఏం ఎత్తావని అడిగావుగా. సుత్తి ఎత్తాను.

కొట్టు వెనక గది, పెట్టెలూ తీగ చుట్టలూ పెట్టుకునే గది, పట్టపగలు తగలబెట్టారు. ప్లాస్టిక్ కాలిన కంపుకి వీధి వీధంతా కళ్లు నులుముకుంటూ బయటికొచ్చింది. నేను కాలిన గోడ వైపు చూస్తూ నిలబడ్డాను. చేతులెత్తావా అన్న నీ మాట చెవిలో తిరిగింది. సుత్తి తీసుకుని బొంగురు గోడౌనుకి వెళ్లాను. వాడి వ్యాను అద్దాలు, దీపాలు, ఇంజను, ఏదీ మిగల్చలేదు. వాళ్లు నలుగురూ నా మీద పడ్డారు. ఒకడి మోకాలు నా సుత్తి కింద లొడుక్కుమంది. నా డొక్కలో రెండు ఎముకలు విరిగాయని డాక్టరు అంటోంది. నవ్వితే నొప్పి. నువ్వు రాసింది చదివితే ఇంకా నొప్పి.

వయసు మీద పడ్డాక కొట్టుకోవడంలో ఒక సుఖం ఉందిరా. దెబ్బ తగిలిన వెంటనే తెలియదు, మర్నాటికి గానీ నొప్పి పుట్టదు. ఆ మధ్యలో మనం వీరులం.

ఇప్పుడు రోజూ స్తంభం ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చుంటున్నాను. పక్కన నిచ్చెన, దవడకి తీగలు బిగించారు, మాట రాదు. నాకు మాట ఆగదు. జంట బాగా కుదిరింది. ఒళ్లో ఇనప కడ్డీ. ఇక ఆ స్తంభం మీద పెద్దకంపెనీ నీలం కోటు కనబడిందా, దానికి చేతులు మిగలవు. ఈ మాట వీధిలో చాటింపు వేయించినట్టే చెప్పాను. నీకూ చెబుతున్నాను.

నీ పళ్లున్న బావ

సెప్టెంబరు 3

బావగారికి,

ఈసారి వేళాకోళం ఏమీ లేదు. ప్రతి అక్షరమూ చదువు, అక్కకి కూడా వినిపించు.

పెద్దకంపెనీ లోపలే ఒక ఇంజనీరు ఉన్నాడు. వాళ్ల పెట్టెని తయారుచేసినవాళ్లలో ఒకడు. వాళ్లు చేస్తున్నది అతనికి నచ్చడం లేదు. మీ స్తంభం మీది పెట్టెలో ఒక చిన్న యంత్రం పెట్టి, రెండు కంపెనీల మధ్యా ఏ పలకరింపు వెళ్తోందో, ఏ బదులు వస్తోందో, ఎవరు తెంపుతున్నారో రాసుకోనిస్తానన్నాడు. నేనే బతిమాలాను. నీ చాటింపు ఉత్తరం అందేసరికే సెలవు దొరికి బయలుదేరాడు, ఆపలేకపోయాను. కంపెనీ వాళ్లు పట్టుకోకుండా నీలం కోటు వేసుకునే వస్తాడు. మనిషికి బాగా నత్తి. తొందరపెట్టకు, మాట పూర్తిచేయనివ్వు. మీ ఇంట్లోనే దింపుకో.

ఈ మనిషి లేకపోతే నాకు రుజువు లేదు, నీకు కంపెనీ లేదు.

నీ బామ్మర్ది

సెప్టెంబరు 5

బామ్మర్దీ,

పనైపోయింది! ఇక నా పళ్ల గురించి మాట్లాడవు.

ఇవాళ మధ్యాహ్నం ఎండ మాడుస్తుంటే కుర్చీలో కునుకు తీస్తున్నాను. నిచ్చెన నా భుజం కుదిపాడు. స్తంభం మీద నీలం కోటు. పెట్టె మూత తీసి, లోపల చెయ్యి పెట్టి, రెండో చేతిలో కత్తెరతో నా తీగ పట్టుకుని ఉన్నాడు.

"ఎవడ్రా నువ్వు?" అన్నాను.

"న... న..." అన్నాడు.

"నోట్లో ఏముంది? మీ బొంగురు పంపాడా?"

"నన్... న..."

నిచ్చెన పక్కన మూలుగుతూ రెండు చేతులూ గాల్లో ఊపేస్తున్నాడు, ఇంకా చూస్తావేం, కొట్టు అన్నట్టు. వాడి దవడ గుర్తొచ్చింది. నీలం కోటువాడు ఎక్కిన నిచ్చెనని కాలితో తన్నాను. మనిషి బస్తాలా వచ్చి పడ్డాడు. లేవబోతూ చేతులు నేలకి ఆనించాడు. ఆ చేతుల మీదే కడ్డీతో వేశాను. కుడిదాని మీద, తరువాత ఎడమదాని మీద. ఎండు పుల్లలు విరిగినట్టు విరిగాయి. అరవనైనా అరవలేదు, నోరు తెరుచుకుని అదే న... న... అంటున్నాడు. "ఇక కత్తెర పట్టవు" అన్నాను.

ఆస్పత్రి వాళ్లు వచ్చి మోసుకుపోయారు. వీధివాళ్లు అందరూ గోడలకేసి చూశారు. పోలీసులు అడిగితే ఎవరూ ఏమీ చూడలేదు. మీ అక్క మాత్రం నాతో మాట్లాడటం లేదు. ఆడవాళ్లకి యుద్ధం అర్థం కాదనుకుందామంటే ఆ స్టూలు గుర్తొస్తోంది.

విజయంతో,
నీ బావ

సెప్టెంబరు 8

నీ ఉత్తరం ఇవాళ వచ్చింది.

మీ అక్కకి చదివి వినిపించమన్నావు. వినిపించాను. చదువుతూ చదువుతూ నత్తి అన్న మాట దగ్గర ఆగిపోయాను. మిగతాది ఆవిడే లాక్కుని చదువుకుంది. చదివి కాగితం మడిచి, చెప్పులు వేసుకుని ఆస్పత్రికి వెళ్లింది.

నిచ్చెన పలక మీద రాసి చూపించాడు. వాడు చేతులు ఊపింది కొట్టమని కాదట, ఆగమని. ఆ మనిషి తీగ కొయ్యడం లేదు, ఏదో తగిలిస్తున్నాడని వాడు చూశాడట. ముగ్గురం ఉన్నాం అక్కడ. ఇద్దరికి నోరు రాదు. వచ్చినవాడు నేను.

ఏం చెయ్యమంటావో రాయి.

సెప్టెంబరు 15

నువ్వు విరిచింది అతని చేతులు కాదు, నావి. నీవి. నువ్వు దున్నపోతువి బావా. ఇది సరసం కాదు, వావివరసలు పక్కనబెట్టి అంటున్నాను, దున్నపోతువి.

నేను నిన్ను రెచ్చగొట్టానని నాకు గుర్తులేదనుకోకు. ఎప్పుడూ అనుకునే మాటలే అన్నాను. నలభయ్యేళ్లుగా నువ్వు నన్ను గాడిదనీ నేను నిన్ను ముసలి పులనీ అనుకుంటున్నాం, ఎవడూ ఎవణ్ణీ కరవలేదు. ఇప్పుడే ఎందుకు పట్టించుకున్నావు?

వినిపించుకో. అతను పెట్టిన యంత్రం పెట్టెలోనే ఉందా? ఉంటే ముట్టుకోకు. ఎవరు కొట్టారని ఎవరడిగినా నీకు తెలియదు. నోరు మూసుకుని ఉండటం నీకు కొత్త, నేర్చుకో. ఇది బయటపడితే పెద్దకంపెనీ ఏమంటుందో తెలుసా? "చేతులు విరగ్గొట్టి మా మనిషిచేత లెక్కలు చెప్పించుకున్నారు" అంటుంది. ఆ రోజుతో కాగితం చిత్తు కాగితమే.

అతన్ని బాగా చూసుకోండి.

అక్టోబరు 11

బామ్మర్దీ,

యంత్రం పెట్టెలోనే ఉంది, పడేలోపే తగిలించేశాడట, అన్నీ రాసుకుంటోంది. మనిషి మా ఇంట్లో ఉన్నాడు. రెండు చేతులూ మోచేతుల దాకా తెల్లటి దూలాలు. మీ అక్క అన్నం కలిపి నోట్లో పెడుతోంది, మొహం కడుగుతోంది, జుట్టు దువ్వుతోంది. నన్ను ఆయన గదిలోకి రానివ్వలేదు. గుమ్మంలో నిలబడేవాణ్ణి.

పోయిన వారం తనే పిలిచాడు. మంచం పక్కన కూర్చున్నాను. క్షమించమని అడుగుదామంటే నా నోరు, ఇంత నోరు, పెగలలేదు. ఆయనే మొదలుపెట్టాడు. ఒక్కో మాటా లాక్కుంటూ, "మీరు... అ... అడిగారు. నేను... బ... బదులు చెప్పేలోపు... తె... తెంపేశారు. మా పె... పెట్టె చేసేది కూడా... అదే" అన్నాడు. అని నవ్వాడురా! కట్లు ఊగిపోయేలా నవ్వాడు. నాకు డొక్కలో విరిగినవి మళ్లీ విరిగినట్టయింది.

వాళ్ల పెట్టె ఎలా చేస్తుందో చెప్పాడు. అవతలి పెట్టె బదులు మొదలుపెట్టేదాకా ఆగుతుందట. మొదటి ముక్క వినగానే బయటిదని గుర్తుపట్టి, పూర్తిగా విననే వినకుండా తెంపేసి, అవతలిది మాట్లాడలేదని రాసుకుంటుందట. అలా చెయ్యమని పైనుంచి చెప్పారట. యంత్రంలో అంతా ఉంది. తనే మీ సంఘం ముందుకొచ్చి చెబుతానన్నాడు. మీ అక్కని అక్కా అని పిలుస్తున్నాడు. అంటే నీకు ఇంకో తమ్ముడు పుట్టాడు. నాకు ఇంకో బామ్మర్ది. నీకంటే నయం, ఎదురు మాట్లాడడు.

బొంగురు మనుషులు నిన్న మళ్లీ వచ్చి కొట్టు తలుపు మీద గొడ్డలితో నరికారు. నేను లోపలే కూర్చున్నాను. లేవలేదు. భయం కాదు. కడ్డీ చేతిలోకి తీసుకుంటే చెయ్యి తిమ్మిరెక్కుతోంది.

బావ

నవంబరు 2

బావా! బావా! బావా!

గెలిచాం. ఫోనులో సగం చెప్పాను, అరుపుల్లో నీకేం వినబడలేదు. మొదటి కాల్ కలవగానే ఇద్దరు పెద్దమనుషులం మాట్లాడుకున్నది ఏమిటి? "వినబడుతోందా?" "వినబడుతోంది." "నీకు వినబడుతోందా?" "ఆ, వినబడుతోంది." ఇందుకోసమా ఇంత నెత్తురు!

జరిగింది చెబుతాను. యంత్రం రాసుకున్నదంతా గోడ మీద వేసి చూపించాను. అప్పుడు పెద్దకంపెనీ లాయరు లేచి, ఇంజనీరు కట్లు చూపించి, "ఈయన చేతులు ఎవరు విరిచారు? చిన్న కంపెనీల గూండాలు కాదా? బెదిరించి తెచ్చిన రుజువు ఇది" అన్నాడు. మనవాళ్ల మొహాల్లో రంగు మారింది. ఓట్లు జారిపోవడం నాకు కళ్లకి కనిపించింది. ఇంజనీరు నోరు తెరిచాడు. మ... మ... అంటున్నాడు. అతను ఏం చెప్పబోతున్నాడో నాకు తెలియదు బావా. ముగించేదాకా నేను ఆగలేదు. లేచి నిలబడి, "మీ కంపెనీ కాంట్రాక్టరు మనుషులేనా కొట్టింది?" అని అడిగాను.

అతను నా వైపు చాలాసేపు చూశాడు. తరువాత తల ఊపాడు.

అంతే. హాలు పేలిపోయింది. ఓటింగు మనవైపు. పద్ధతి అచ్చయింది, పది కంపెనీలు పెట్టెలు చెయ్యడం మొదలుపెట్టాయి. మీ స్తంభం మీద కొత్త పెట్టె వచ్చింది. బొంగురుని ఆ సాయంత్రమే లోపలేశారు. వాడు ఎలాగూ చెయ్యని పాపం లేదు, ఒకటి ఎక్కువైతే ఏమైంది? నువ్వు గుండె మీద చెయ్యి వేసుకుని నిద్రపో.

ఫోను చెయ్యి, ఉత్తరాలు మానెయ్యి, స్టాంపులు దండగ.

నీ బామ్మర్ది

నవంబరు 20

బామ్మర్దీ,

ఫోను చెయ్యకుండా రాస్తున్నది ఎందుకంటే ఫోనులో నువ్వు మధ్యలో అడ్డుపడతావు. ఇది పూర్తిగా విను.

కొట్టు కిటకిటలాడుతోంది. పెట్టెలు తిరిగిచ్చేసినవాళ్లే వచ్చి వరసలో నిలబడుతున్నారు. ఆ వరసలో మొన్న ఒకావిడ వచ్చింది, చంకలో పిల్ల. చౌకగా ఉందట కదా, కనెక్షన్ కావాలంది. ఎవరి పేరు మీద అని అడిగితే బొంగురు పెళ్లాం.

నన్ను గుర్తుపట్టింది. తలదించుకోలేదు. "మా ఆయన మీ మనుషుల్ని కొట్టాడండీ, నేను కాదనను" అంది. "దవడ విరగ్గొట్టినరోజు ఇంటికొచ్చి చెప్పాడు, కొట్టు తగలబెట్టినరోజు చెప్పాడు. ఎవణ్ణి కొట్టినా అన్నం తింటూ నాకు చెప్పుకోనిదే ముద్ద దిగదు ఆ మనిషికి. ఆ చేతులాయన సంగతి మాత్రం ఎప్పుడూ చెప్పలేదు. స్టేషన్లో ఎన్ని దెబ్బలు కొట్టినా అదే అంటున్నాడు, నేను కాదు అని. మీకేమైనా తెలుసా?"

వాణ్ణి ఆస్పత్రిలో పడేశారంటే వెళ్లి చూసొచ్చాను. ఏ చేత్తో కొట్టావురా అని అడుగుతూ పోలీసులు అరికాళ్ల నుంచి మొదలుపెట్టారట. రెండు మోకాళ్లూ గుమ్మడికాయలు. కుడి చేతి వేళ్లు ఒక్కొక్కటే విరిచారు. ఎడమ చెవిలోంచి రక్తం కారి దిండుకి అంటుకుపోయింది. చెవి ఇక వినబడదట. నన్ను చూసి, ఆ గొంతులో, "ఏం పెద్దాయనా, సన్మానానికి వచ్చావా?" అన్నాడు. నేను వాడి విరిగిన వేళ్ల వైపే చూస్తున్నాను. వాడి కళ్లలో ఏదో వెలిగింది. "నువ్వే కదూ" అన్నాడు. అరిచి గోల చెయ్యలేదు. గోడ వైపు తిరిగిపోయాడు. వాడు మంచివాడని చెప్పడం లేదు. వాడి దెబ్బ ఒక్కటీ నేను మరిచిపోలేదు. కానీ ఈ దెబ్బలు వాడివి కావు, నావి. నా బదులు వాడు తింటున్నాడు.

ఇంటికొచ్చి మీ అక్కకి చెప్పాను. ఆవిడ గిన్నెలు తోముతూ, చేతులు ఆపకుండా అంది: "ఆ తమ్ముడు తల ఊపింది ఎందుకనుకున్నారు? నా చేతి ముద్ద తిన్నాడు కనక. నేను పెట్టింది అబద్ధం చెప్పించడానికి కాదు. మీరు వెళ్తారా, నన్ను వెళ్లమంటారా?"

నువ్వేమంటావో నాకు తెలుసు. కాగితం చిరుగుతుంది అంటావు. చిరగొచ్చు. కానీ ఒక్కమాట. మా వీధి టైలరు తన చెల్లెలితో మాట్లాడి ఏళ్లయిందట, నిన్న కొట్లో నిలబడి మాట్లాడి ఏడ్చాడు. ఇప్పుడు ఎవడైనా వచ్చి ఆ పెట్టె విప్పుతానంటే స్తంభం కింద నేను కాపలా కూర్చోనక్కర్లేదు, టైలరే కూర్చుంటాడు. నీ పద్ధతి అందరి చేతుల్లోకీ పోయింది. నా కంపెనీ పోతే పోతుంది. లైసెన్సు ఎలాగూ లాక్కుంటారు, కొట్టు నిచ్చెన పేరున రాశాను. దవడ నయమైంది కానీ వాడు ఇప్పటికీ తక్కువే మాట్లాడతాడు, వ్యాపారానికి అదే మంచిది.

రేపు పొద్దున స్టేషనుకి పోతున్నాను. నువ్వు రాసినదీ నేను రెచ్చిపోయినదీ చెప్పను. నిన్ను ఇందులోకి లాగను. కడ్డీ ఎత్తింది నేనొక్కణ్ణే.

ఆరోగ్యం చూసుకో. ఆ హాల్లో మనుషుల్ని మాట పూర్తిచెయ్యనివ్వు.

నీ బావ

నవంబరు 25

బావా,

నీ ఉత్తరం చేరగానే ఫోను చేశాను. అక్క తీసింది. "ఎప్పుడో వెళ్లిపోయారు" అంది. ఫోను పెట్టెయ్యలేదు. నేను ఏడుస్తుంటే అవతల గిన్నెల చప్పుడు చాలాసేపు వినబడింది. అంత స్పష్టంగా, పక్క గదిలో ఉన్నట్టు.

వార్త ఇక్కడికి వచ్చేసింది. పెద్దకంపెనీ నేను భయపడినట్టే చేసింది. ఓటింగు చెల్లదనీ, చేతులు విరగ్గొట్టి తెచ్చిన రుజువనీ అర్జీ పెట్టింది. సంఘం మళ్లీ కూర్చుంటోంది. మనవైపు ఓటేసినవాళ్లు నన్ను చూసి పక్కకి తప్పుకుంటున్నారు.

నీ ఉత్తరం మళ్లీ మళ్లీ చదివాను. నువ్వు సగం చెప్పావు బావా. కొట్టింది నువ్వని చెప్పావు. ఇంజనీరు ఎవరి పనిమీద వచ్చాడో చెప్పలేదు, నన్ను కాపాడాలని. అది తెలియనంతకాలం పెద్దకంపెనీ మాటే నిజంలా ఉంటుంది. అతన్ని పంపింది నేనని, నువ్వు కొట్టేనాటికి నీకు తెలియదని, తల ఊపించిన ప్రశ్న నేనడిగినదని, అది అబద్ధమని తెలిసే అడిగానని, ఈ నాలుగూ చెప్పేవాడు నేనొక్కణ్ణే. చెబితే కుర్చీ పోతుంది. అబద్ధపు సాక్ష్యం చెప్పించినందుకు శిక్ష కూడా పడుతుందన్నాడు మా లాయరు. కాగితం మాత్రం మిగలొచ్చు. యంత్రం రాసుకున్నది ఎవరి చేతులు విరిగినా మారదు కదా.

నిన్న సంఘం ముందు చెప్పేశాను. అరుపులూ తిట్లూ ఫరవాలేదు. పెద్దకంపెనీ ప్రతినిధి మొదటిసారి నవ్వడం మానేశాడు, అదే నాకు జీతం. ఏం తేలుతుందో ఇంకా తెలియదు. ఇంజనీరు కూడా వచ్చాడు. ఆ రోజు తను మ... మ... అన్నది ఏమిటో ఇప్పుడు చెప్పనివ్వమన్నాడు. హాలంతా ఆగింది. ఎవరూ మాట అందివ్వలేదు, ఎవరూ తొందరపెట్టలేదు. చివరికి చెప్పాడు. "మ... మా పెట్టె... అ... అబద్ధం చెబుతోంది. న... నన్ను ఎవరు కొట్టినా."

ఆ మాట అప్పుడే పూర్తిచెయ్యనిచ్చి ఉంటే బొంగురు చెవి మిగిలేది.

కేసు మీ ఊళ్లోదే కాబట్టి నన్నూ అక్కడికే రమ్మన్నారు. రేపు బస్సెక్కుతున్నాను. వచ్చాక ముందు ఆస్పత్రికి, బొంగురు దగ్గరికి వెళ్తాను. ఏ చెవి వినబడుతుందో ఆ వైపు నిలబడి చెప్పాల్సింది చెబుతాను. తరువాత నీ దగ్గరికే. స్టేషను అడ్రసుకి రాయడం ఇదే మొదటిసారి, ఈ ఉత్తరం నాకంటే ముందు వస్తుందో లేదో.

ఆ లాకప్ గదిలో ఒకటే బల్ల ఉంటుందని విన్నాను. కాస్త పక్కకి జరిగి కూర్చో.

నీ బామ్మర్ది